కంచమంత పువ్వు ఫోటోలో చిన్నబోయింది: పద్నాలుగు ఉదయాల ప్రాజెక్టు డైరీ

హార్డీ హైబిస్కస్ (చలిని తట్టుకునే, పెద్ద పువ్వుల మందారం) పువ్వులను ఫోటో తీయబోయేవాళ్లకు నా కొలతలు, నా తప్పులు పనికొస్తాయని ఈ డైరీ పెడుతున్నాను. నా దగ్గర రెండు మొక్కలున్నాయి. ఒకటి లార్డ్ బాల్టిమోర్. ముదురు ఎరుపు, ఐదడుగుల ఎత్తు. రెండోది లూనా వైట్. తెల్లని రేకులు, నడుమ ఎర్రని కన్ను, ఎత్తు రెండున్నర అడుగులే. రెండూ ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో పెరిగే మందార జాతుల నుంచి వచ్చినవి. చలికాలంలో పైన కాడలన్నీ ఎండిపోతాయి, వేరు మాత్రం నేలలో బతికుండి మళ్లీ చిగురు వేస్తుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. అందుకే ఇవాళ చెడిపోయిన ఫోటోను రేపు అదే పువ్వు మీద సరిచేసుకోవడం కుదరదు.

మొదలుపెట్టినప్పటి సామాను: ఫోన్, ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు) సెన్సర్ కెమెరా, 35 మి.మీ. లెన్సు, 100 మి.మీ. మాక్రో లెన్సు, ట్రైపాడ్, దర్జీ టేపు. మిగతావి అవసరం పడ్డప్పుడు చేరాయి, అక్కడే రాశాను.

లెక్కల్లో "ఉంచుకున్నవి" అంటే కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాక కూడా తీసేయాలనిపించని ఫ్రేములు. ప్రతి దశ చివరి లెక్కా మొదటి రోజు నుంచి కలిపినది.

దశ 1: ఫోన్ (రోజులు 1, 2)

పువ్వు ఫ్రేమ్ నిండా రావాలని ఫోన్‌ను దగ్గరగా పెట్టాను. నడుమ కేసరాల కాడ తొండంలా ముందుకు వచ్చేసింది, రేకులు వెనక్కి జారిపోయినట్టు పడ్డాయి. లెన్సు లోపమేమో అనుకుని టేపు పెట్టి కొలిచాను. తప్పు లెన్సుది కాదు, దూరానిది.

1. ఫోన్ నుంచి రేకుల ముందు అంచుకు 40 సెం.మీ.
2. ఫోన్ నుంచి కేసరాల కాడ కొసకు 32 సెం.మీ.
3. 40ని 32తో భాగిస్తే 1.25. అంటే రేకులతో పోలిస్తే కాడ కొస 25 శాతం పెద్దగా పడుతోంది.

2ఎక్స్ జూమ్ పెట్టి 80 సెం.మీ. దూరానికి వెళ్తే ఈ తేడా 11 శాతానికి తగ్గింది. ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లు ఈ ఒక్క మార్పు చేసుకున్నా పువ్వు ఆకారం చాలావరకు దారిలో పడుతుంది.

ఈ రెండు రోజుల్లో ఉంచుకోదగ్గ ఫోటో ఒక్కటీ రాలేదు కానీ, పువ్వు విచ్చుకునే వేళలు చేతికొచ్చాయి. ఎర్ర పువ్వు వెడల్పు ఇలా పెరిగింది:

ఉదయం 6:00 – 11 సెం.మీ. (గరాటు ఆకారం)
7:00 – 19 సెం.మీ.
8:00 – 24 సెం.మీ.
9:00 – 24.5 సెం.మీ.
సాయంత్రం 5:00 – 22 సెం.మీ., అంచులు లోపలికి తిరగడం మొదలు

మర్నాడు పొద్దున చూస్తే అదే పువ్వు మూసిన గొడుగులా చుట్టుకుపోయి ఏడు సెంటీమీటర్లు ఉంది. ఈ ఏడు సెంటీమీటర్ల సంగతి అప్పుడు ఊరికే రాసి పెట్టుకున్నాను. పద్నాలుగో రోజున అదే ఆదుకుంది.

లెక్క: పువ్వులు 3, ఫ్రేములు 64, ఉంచుకున్నవి 0.

దశ 2: దూరం పెంచాను, పువ్వు చిన్నదైంది (రోజులు 3, 4)

100 మి.మీ. లెన్సుతో 2.4 మీటర్ల దూరంలో నిలబడ్డాను. అక్కడి నుంచి ఫ్రేమ్ ఎత్తులో దాదాపు 36 సెం.మీ. పడుతుంది, పువ్వు అందులో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది. కాడ కొస తేడా సుమారు మూడున్నర శాతానికి దిగింది. ఆకారం కంటికి కనిపించినట్టే వచ్చింది.

మొదటి రోజు ఎఫ్/4లో తీశాను (ఎఫ్ అంకె లెన్సు రంధ్రం సైజు చెబుతుంది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది). ఈ దూరంలో ఎఫ్/4 ఇచ్చే స్పష్టత లోతు (ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా పడే మేర) లెక్కప్రకారం సుమారు 9 సెం.మీ. కాడ కొస నుంచి వెనక్కి వంగిన రేకుల అంచు దాకా నేను కొలిచింది 12 సెం.మీ. కాడ మీద ఫోకస్ పెడితే అంచులు మసకబారాయి, అంచుల మీద పెడితే కాడ మసకబారింది. రెండో రోజు ఎఫ్/8కి మారాను. లోతు 17 సెం.మీ. దాటింది, పువ్వంతా స్పష్టంగా వచ్చింది. ఎఫ్/16 కూడా ప్రయత్నించాను. రేకుల ఈనెలు మొత్తంగా మెత్తబడ్డాయి, పైగా షట్టర్ నాలుగింతలు నెమ్మదించింది. అక్కడి నుంచి ఎఫ్/8ని కదిలించలేదు.

కొలతలన్నీ సరిపోయాయని సంతోషంగా చెల్లికి చూపించాను. కాసేపు చూసి, "బాగుంది అక్కా. కానీ ఇది మామూలు మందారమేగా?" అంది.

ఆ మాట నన్ను నిలబెట్టేసింది. తను చెప్పింది నిజం. వెనక ఆకులు మసకబారిపోయాయి, ఫ్రేమ్ నిండా పువ్వే ఉంది, పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేదు. అరచేతిలో పట్టే రేక మందారాన్ని దగ్గర నుంచి తీసినా అచ్చం ఇలాగే ఉంటుంది. ఫ్రేమ్ నింపితే పువ్వు పెద్దగా కనిపిస్తుందనుకున్నాను. ఫ్రేమ్ నింపడం వల్లే దాని పెద్దతనం మాయమైంది. ఈ ప్రాజెక్టులో అసలు పని ఏమిటో ఆ రోజే అర్థమైంది. అయితే దాన్ని పట్టుకునే ముందు రంగు, వెలుతురు, గాలి మూడూ దారికి రావాలి.

లెక్క: పువ్వులు 7, ఫ్రేములు 152, ఉంచుకున్నవి 2.

దశ 3: ఎరుపు (రోజులు 5, 6, 7)

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే. కెమెరా తెర మీద ఎర్ర పువ్వు అద్భుతంగా ఉంది, హిస్టోగ్రామ్ (చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫ్) కూడా నడుమన కుదురుగా ఉంది. కంప్యూటర్‌లో తెరిస్తే రేకులు ఎర్ర రంగు పూసిన అట్టముక్కల్లా ఉన్నాయి. ఈనె లేదు, మడత లేదు, ఒక రేకు నీడ ఇంకో రేకు మీద పడిన చోటు కూడా కనిపించలేదు.

కారణం వెతికితే మూడు దొరికాయి. మూడూ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

1. నేను చూసింది మొత్తం వెలుగు చూపే హిస్టోగ్రామ్. ఆ లెక్కలో ఆకుపచ్చకు సగానికి పైగా బరువు ఉంటుంది, ఎరుపుకు మూడో వంతు కూడా రాదు. కాబట్టి ఎరుపు ఒక్కటే పొంగిపోయినా అందులో తెలియదు. మూడు రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టగానే ఎరుపు గీత కుడి గోడకు అతుక్కుని కనిపించింది.
2. పిక్చర్ ప్రొఫైల్ వివిడ్‌లో (రంగులను గాఢం చేసే సెట్టింగ్‌లో) ఉంది. న్యూట్రల్‌కు మార్చాను. రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైల్‌లో) తీసినా తెర మీద హిస్టోగ్రామ్ జేపెగ్ నుంచే వస్తుంది కాబట్టి ఇది మార్చకపోతే హిస్టోగ్రామ్ చెప్పేది నమ్మలేం.
3. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే సెట్టింగ్) షేడ్‌లో ఉంది. నీడలోని నీలి ఛాయను తగ్గించడానికి ఆ సెట్టింగ్ ఎరుపును ఇంకాస్త పెంచుతుంది. అసలే నిండిపోయిన ఎరుపు అక్కడ పొర్లిపోయింది.

ఒక్కొక్కటే మార్చి చూశాను. అన్నీ ఒకేసారి మార్చి ఉంటే ఏది పని చేసిందో తెలిసేది కాదు. న్యూట్రల్ ప్రొఫైల్, డేలైట్ బ్యాలెన్స్ పెట్టాక కూడా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగును పెంచే, తగ్గించే అంకె) సున్నాలో ఎరుపు నిండే ఉంది. −0.7 దగ్గర అంచుల్లో మిగిలింది. −1.3 దగ్గర పూర్తిగా లోపలికి వచ్చింది. ఆకులు చీకటిగా పడ్డాయి, వాటిని తర్వాత రా ఫైల్‌లో ఒక స్టాప్ (రెండింతల వెలుగు) పైకి లేపుకున్నాను. పోయిన ఎరుపును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగా తిరిగి తేలేదు.

రంగు నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రతి పువ్వు పక్కనా ఒక ఫ్రేమ్‌లో గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టాను. చుట్టూ ఆకులుంటే వాటి మీద నుంచి తిరిగొచ్చిన ఆకుపచ్చ వెలుగు తెల్ల పువ్వు మీద పడుతుంది. కంటికి తెలియదు, కార్డుతో సరిచేశాక ముందు ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చివర్లో ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) 10 తగ్గించాను. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, మామూలు తెరలు చూపగలిగే ఎరుపుకు హద్దు ఉంది. ఆ హద్దుకు కొంచెం లోపల ఉంచితేనే ఈనెలు బయటపడతాయి.

తెల్ల పువ్వు దగ్గర వేరే పాఠం. తెలుపుకు ఎక్స్‌పోజర్ పెంచాలని అందరూ చెప్పే మాటే పాటించి +1 పెట్టాను. రేకులు సున్నపు ముద్దల్లా అయ్యాయి. ఆ మాట తెలుపు ఫ్రేమ్ నిండా ఉన్నప్పుడు సరైనదే. నా ఫ్రేమ్‌లో పువ్వు మూడో వంతే, మిగతా అంతా ముదురు ఆకులు. కెమెరా ఆకులను చూసి వెలుగు పెంచేస్తోంది, నేను దాని మీద ఇంకొంత పెంచాను. −0.7 దగ్గర తెల్ల రేకుల మీది మడతలు దొరికాయి.

లెక్క: పువ్వులు 12, ఫ్రేములు 283, ఉంచుకున్నవి 7.

దశ 4: వెలుతురు (రోజులు 8, 9)

ఎండ నేరుగా పడితే కేసరాల కాడ నీడ రేకు మీద నల్లటి గీతలా పడుతోంది. 80 సెం.మీ. గుండ్రటి తెల్లని డిఫ్యూజర్ (ఎండను మెత్తబరిచే పలుచని తెర) తెచ్చాను. మొదట మీటరున్నర పైన పట్టుకుంటే నీడ అంచు కొంచెమే మెత్తబడింది. పువ్వుకు 40 సెం.మీ. దగ్గరికి దించితే నీడ దాదాపు కరిగిపోయింది. ఆ వెలుగులో ఎఫ్/8, 1/200 సెకను షట్టర్, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100 కుదిరాయి.

వెంటనే కొత్త తలనొప్పి. పువ్వు నీడలో, వెనక ఆకులు ఎండలో. ఆకుల మీది తెల్లని మచ్చలు పువ్వు కంటే ముందు కళ్లను లాగేస్తున్నాయి. నల్ల గుడ్డ కట్టి చూశాను. పువ్వును కత్తిరించి అతికించినట్టుంది, తీసేశాను. చివరికి చెల్లి వెనక నిలబడి గొడుగు పట్టింది. ఆకులున్నచోటే ఉన్నాయి, వాటి మీద ఎండ ఒక్కటే పోయింది. అంతే చాలు.

నీడలు నింపడానికి కుడివైపు తెల్ల థర్మాకోల్ షీటు పెట్టాను. 30 సెం.మీ. దూరంలో పెడితే రేకుల మడతలు చదునైపోయాయి. 80 సెం.మీ.కు జరిపాక మడతలు తిరిగొచ్చాయి. ఈ పువ్వు రేకుల్లో నడుమ నుంచి అంచు దాకా పాకే ఈనెలున్నాయి చూడండి, వాటి మధ్య రేకు మడతలు పెట్టిన గుడ్డలా పైకీ కిందికీ లేస్తుంది. పక్క నుంచి వెలుగు పడితే ఒక్కో మడతకు ఒక వెలుగు వైపు, ఒక నీడ వైపు వస్తాయి. అన్ని మడతలు కనిపించడం కూడా పువ్వు పెద్దదని చెప్పే గుర్తే.

లెక్క: పువ్వులు 15, ఫ్రేములు 353, ఉంచుకున్నవి 11.

దశ 5: గాలి (రోజులు 10, 11, 12)

పువ్వు పూర్తిగా విచ్చుకునేది ఎనిమిదికి. నేను రాసుకున్న ఈ మూడు రోజులూ గాలి ఏడున్నరకే లేచింది. ఐదడుగుల కాడ చివర పాతిక సెంటీమీటర్ల పువ్వంటే తెరచాప కట్టినట్టే. చిన్న గాలికి కాడ ఊగుతుంది, కాడ ఆగినా రేకులు ఇంకా వణుకుతుంటాయి.

డిఫ్యూజర్ లేకుండా మామూలు నీడలో, ఎఫ్/8లో, ఒక్కో షట్టర్ వేగానికి ఇరవై ఫ్రేముల చొప్పున తీసి లెక్కపెట్టాను:

1/60, ఐఎస్‌ఓ 100 – స్పష్టమైనవి 3
1/125, ఐఎస్‌ఓ 200 – 9
1/250, ఐఎస్‌ఓ 400 – 16
1/500, ఐఎస్‌ఓ 800 – 19

1/250 దగ్గర ఆగాను. 800లో నాయిస్ పెద్దగా లేదు గానీ ఎర్ర రేకుల నీడల్లో గరుకుగా కనిపించింది.

కాడను కట్టడంలో ఒక పువ్వు పోగొట్టుకున్నాను. కర్ర పాతి, పువ్వుకు సరిగ్గా కింద తొడిమకు క్లిప్పు పెట్టాను. ఆ తొడిమకు మధ్యలో గణుపు లాంటి కీలు ఉంటుంది. పువ్వు రాలేది అక్కడే. గాలి ఒక్క ఊపు ఊపగానే కీలు దగ్గర పుటుక్కుమని తెగి, ఎనిమిదింటికి పూర్తిగా విచ్చుకున్న పువ్వు నేల మీద పడింది. చాలా బాధేసింది. ఆ రోజు ఎర్ర మొక్కకు అదొక్కటే పువ్వు.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది:

1. కర్రను ముందురోజు సాయంత్రమే పాతాలి. విచ్చుకున్న పువ్వు పక్కన కర్ర దించితే రేకులు చిరుగుతాయి.
2. కట్టు తొడిమకు కాదు, పువ్వుకు 15 సెం.మీ. కింద ప్రధాన కాడకు.
3. బిగించకుండా ఎనిమిది అంకె ఆకారంలో మెత్తని గుడ్డపీలికతో.
4. గాలి వచ్చే వైపు థర్మాకోల్ షీటు నిలబెట్టాలి. వెలుగు తిప్పడానికి పెట్టిన షీటే గాలికీ అడ్డం పడుతుంది. గాలి వైపు, నీడ వైపు ఒకటే అయితే అదృష్టం.

కీలాగ్రాల (పుప్పొడిని అందుకునే కొసల) దగ్గరి ఫోటో కోసం పొట్టి మొక్క తెల్ల పువ్వునే ఎంచుకున్నాను. కేసరాల కాడ చివర ఐదు కీలాగ్రాలు విడివిడిగా విచ్చుకుని, ఒక్కోటీ సన్నని నూగుతో ఉన్న గుండ్రటి దిండులా ఉంటుంది. ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లో ఎఫ్/8 ఇచ్చే లోతు 3 మి.మీ. కూడా లేదు. నాకు కావాల్సింది 20 మి.మీ. అందుకే ఫోకస్‌ను రెండేసి మి.మీ. జరుపుతూ 11 ఫ్రేములు తీసి కలపాల్సి వచ్చింది. నాలుగు సార్లు తీస్తే మూడు సార్లు మధ్యలో కాడ కదిలి, కలిపిన ఫోటోలో కీలాగ్రాల అంచులు రెండేసిగా వచ్చాయి. నాలుగోసారి గాలి ఆగింది. అందులో పుప్పొడి రేణువులు ఒక్కోటీ విడిగా, ఉప్మారవ్వ పలుకుల్లా లెక్కపెట్టేలా ఉన్నాయి.

లెక్క: పువ్వులు 19, ఫ్రేములు 531, ఉంచుకున్నవి 17.

దశ 6: పెద్దతనం (రోజులు 13, 14)

చెల్లి అన్న మాటకు జవాబు వెతికిన రెండు రోజులివి.

మొదట టేపు పక్కన పెట్టి తీశాను. కొలత తెలుస్తుంది, కానీ అది రికార్డుకు పనికొచ్చే ఫోటో. ఒకటి ఉంచుకున్నాను.

తర్వాత చెయ్యి. చెల్లి పువ్వు ముందు అరచెయ్యి పెడితే పువ్వు ఇంకా చిన్నదైంది. చెయ్యి రేకుల కంటే కెమెరాకు దగ్గరగా ఉంది కాబట్టి పెద్దగా పడింది. "చెయ్యి వెనక్కి తియ్యి, రేకు అంచుకు సమానంగా పెట్టు" అన్నాను. రేకుల వరసలోకి వచ్చాక అరచెయ్యి రేకు పక్కన ఒదిగిపోయింది, పువ్వు అమాంతం పెరిగింది. ఇదీ ఒకటి ఉంచుకున్నాను. అయినా చెయ్యి ఉన్న ఫోటోలో చూపు చేతి మీదికే పోతోంది.

పద్నాలుగో రోజు ఎర్ర మొక్కకు ఒకే కాడ మీద మూడు కుదిరాయి: నిన్నటి పువ్వు చుట్టుకుపోయి, ఇవాళ్టిది విచ్చుకుని, రేపటి మొగ్గ పక్కన. అప్పుడు గుర్తొచ్చింది ఆ ఏడు సెంటీమీటర్లు. పోలిక కోసం బయటి వస్తువు అక్కర్లేదు, మొక్క మీదే ఉంది. ఇవన్నీ ఫ్రేమ్‌లోకి రావాలంటే 100 మి.మీ. లెన్సుతో ఇంకా వెనక్కి వెళ్లాలి. 35 మి.మీ. పెట్టి, కెమెరాను నిలువుగా తిప్పి, 1.1 మీటర్ల దగ్గరికి వెళ్లాను.

1. ఫ్రేమ్‌లో పడిన ప్రాంతం: సుమారు 71 సెం.మీ. ఎత్తు, 47 సెం.మీ. వెడల్పు.
2. పువ్వు వెడల్పులో సగమే ఆక్రమించింది. మిగతా సగం ఆకులు, మొగ్గ, నిన్నటి పువ్వు.
3. కాడ కొస తేడా 8 శాతం. తొండంలా రాలేదు, అలాగని చదునుగానూ లేదు. పువ్వు మన వైపు కొంచెం వంగినట్టుంది.
4. ఎఫ్/8, 1/250, ఐఎస్‌ఓ 400, కాంపెన్సేషన్ −1.3, ఎడమ పక్క నుంచి వెలుగు, కుడి పక్క 80 సెం.మీ.లో థర్మాకోల్.

మొదటి దశలో 25 శాతం తేడాను తప్పని, రెండో దశలో మూడున్నర శాతాన్ని ఒప్పని రాసుకున్నాను. ఇప్పుడు నాకు నచ్చింది ఈ రెండింటి నడుమ ఉంది. ఇంకో పువ్వుకు, ఇంకో కాడ పొడవుకు ఈ అంకె మారుతుంది. ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్ల మధ్య రెండు మూడు దూరాలు తీసి చూసుకోండి.

ముప్పై ఒకటో ఫ్రేమ్‌లో ఒక తేనెటీగ ఎడమ రేకు మీద వాలింది. సెంటీమీటరున్నర కూడా లేని ప్రాణి. వీపంతా పుప్పొడి, కాళ్లు జారుతుంటే ఈనె పట్టుకుని కాడ వైపు నడుస్తోంది. అంచు నుంచి కాడ మొదలు దాకా నడవడానికి దానికి ఎంత దారి ఉందో ఆ ఒక్క ఫ్రేమ్‌లో తెలిసిపోతుంది. నిన్నటి పువ్వు దాని కింద వేలాడుతోంది. తర్వాతి ఫ్రేమ్‌లో అది ఎగిరిపోయింది.

చెల్లికి ఆ ఫోటో చూపించాను. ఏమీ అనకుండా తెర మీద తేనెటీగకూ రేకు అంచుకూ మధ్య వేళ్లు పెట్టి కొలిచింది.

లెక్క: పువ్వులు 23, ఫ్రేములు 648, ఉంచుకున్నవి 22.

ఎర్ర పువ్వు కీలాగ్రాలను అలా ఫ్రేములు కలిపి తీసే ఫోటో ఒక్కటి మిగిలిపోయింది. ఆ మొక్కకు ఇంకా రెండు మొగ్గలున్నాయి, కర్ర పాతి ఉంచాను.